శనివారం కూర

ఫిబ్రవరి అంటే ఏమిటని భిలాయి ప్లాంటులో పనిచేసే ఏ మనిషినైనా అడగండి. చలి తగ్గే నెల అనడు, శివరాత్రి నెల అనడు. ఇన్‌కంటాక్సు నెల అంటాడు. ఏడాదంతా ఊరుకున్న పే సెక్షను వాళ్ళు అప్పుడు మేలుకొని, ఏమేం దాచుకున్నావో కాగితాలు పట్రమ్మంటారు. తేనివాడికి ఏడాది పన్నంతా ఆ నెల జీతంలోనూ మార్చి జీతంలోనూ కోసేస్తారు. ఒకప్పుడు ఇన్‌కంటాక్సంటే సేఠులకీ సినిమావాళ్ళకీ వచ్చే జబ్బనుకునేవారు మనవాళ్ళు. తొంభైలలో జీతాలు పెరిగాయి, జబ్బు మనకీ అంటుకుంది.

ఆ జబ్బుకి మన తెలుగువాళ్ళ వైద్యుడు గోపాలం. రైల్ మిల్లులో ఫిట్టరు. ఏటా పక్కనున్న దుర్గ్ ఊరికి వెళ్ళి, హిందీలో అచ్చయిన ఇన్‌కంటాక్సు గైడొకటి కొనుక్కొస్తాడు. ఫిబ్రవరి ఆదివారాల్లో అతని వరండా నిండా జనమే. ప్లాస్టిక్ సంచుల్లో ఎల్లైసీ రసీదులూ పోస్టాఫీసు సర్టిఫికెట్లూ పెట్టుకుని, తమ వంతు కోసం కాచుకుని ఉంటారు. గోపాలం కళ్ళజోడు ముక్కు చివరికి దింపి, ఇది ఎనభై ఎనిమిదో సెక్షనులోకి వస్తుంది, ఇది రాదు, అని తీర్పులు చెప్తాడు. ఆ తీర్పుకి అప్పీలు లేదు. సగం తెలిసినవాడి గొంతెప్పుడూ గట్టిగానే ఉంటుంది గానీ, ఆ సంగతి ఆ వరండాలో ఎవరికి తట్టాలి?

తిరుమలరావు అదే మిల్లులో క్రేన్ నడుపుతాడు. వాళ్ళది పాలకొండ దగ్గర ఓ పల్లె. అతనికి ఉద్యోగమొచ్చి, పెళ్ళయి, భార్య చిన్నమ్మలుని కాపరానికి తెచ్చుకోబోయే ముందే తల్లి పోయింది. పోతూ చిన్నకొడుకు అప్పలసూరిని వీళ్ళ చేతిలో పెట్టింది. పోలియో వచ్చి ఎడమకాలు ఎండుపుల్లలా అయిపోయిన పసివాడు. చిన్నమ్మలు కొత్త పెళ్ళికూతురి పసుపుబట్టలతోనే మరిదిని చంకనేసుకుని రైలెక్కింది. తర్వాత వాళ్ళకి పిల్లలు కలగలేదు. కలగలేదని ఆవిడ ఏడ్చిన రోజులున్నాయి గానీ, ఇంట్లో పిల్లవాడు లేడని మాత్రం ఎన్నడూ అనలేదు.

అప్పలసూరి అలాగే పెరిగాడు. పదోక్లాసు తప్పాడు. తెలుగుకన్నా హిందీ బాగా వచ్చు. మంచివాడు, నవ్వుముఖం. ఒకటే విచిత్రం. కంచంలో వేసింది తినేవాడు తప్ప, ఇంకొంచెం పెట్టమని పొరపాటున కూడా అడిగేవాడు కాదు. చిన్నమ్మలు గరిటె పట్టుకొస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడు. చాలు వదినా, అనేవాడు. ఆకలి లేక కాదని ఆవిడకి తెలుసు. అన్న కష్టం తింటున్నానన్న బెరుకు ఆ పిల్లాడి ఎముకల్లోకి ఎలా దిగిందో, ఎవరు దింపారో మాత్రం ఆవిడకి అంతుపట్టలేదు.

గోపాలం ఆ గైడులోంచి ఎనభై డబుల్ డి అనే సెక్షనును పైకి తీసినప్పుడు అప్పలసూరికి ఇరవై దాటాయి. బాగుపడే దారిలేని అవిటితనంతో ఉన్న రక్తసంబంధీకుడెవరైనా ఉద్యోగి మీద ఆధారపడి బతుకుతుంటే, ఆ మనిషి వైద్యానికీ బాగోగులకీ అయ్యే ఖర్చు కింద ఉద్యోగి ఆదాయంలోంచి ఒక మొత్తం తీసేసి, మిగిలినదాని మీదే పన్ను వేస్తారు. భార్యాబిడ్డలే కాదు, తోడబుట్టినవాళ్ళూ లెక్కలోకి వస్తారు. సర్కారు ఆస్పత్రి డాక్టరు రాసివ్వాలి. దుర్గ్ జిల్లా ఆస్పత్రిలో డాక్టరు కాలు చూసి, ఈ మనిషికి మామూలుగా పనిచేసుకునే శక్తి బాగా తగ్గిపోయిందని రాసి, ముద్ర కొట్టాడు. అది చదివి ఏడవాల్సినవాడు నవ్వాడు.

"ఐతే నా కాలు కూడా కమాయిస్తందన్నమాట, అన్నియ్యా," అన్నాడు.

తన కాలూ సంపాదిస్తోందని నిజంగానే సంతోషపడ్డాడు. ఇన్నాళ్ళూ ఇంటి సొమ్ము తినే కాలు, ఇప్పుడు ఇంటికి నాలుగు డబ్బులు మిగిల్చే కాలయింది. పే సెక్షనులో ఆ కాగితాలు చూసే దేవాంగన్ బాబు చాదస్తుడు. డబుల్ డి రాసినవాళ్ళెవరైనా ఏడాదికోసారి ఆ మనిషిని తెచ్చి తన కిటికీ ముందు నిలబెట్టాలి. బతికున్నాడా, ఇంకా ఈయన మీదే ఉన్నాడా అని తన కళ్ళతో చూసుకుంటేనే గాని సంతకం పెట్టడు. తిరుమలరావు ఏటా తమ్ముణ్ణి స్కూటరు వెనకాల కూచోబెట్టుకు తీసుకెళ్ళేవాడు. లైనులో ఉన్న మిల్లువాళ్ళు, ఏరా డబుల్ డీ, వచ్చావా, అని పలకరించేవాళ్ళు. అప్పలసూరి దానికీ నవ్వేవాడు. తిరుమలరావుకి మనసులో చివుక్కుమనేది గానీ, తమ్ముడే నవ్వుతుంటే మనకెందుకని ఊరుకునేవాడు.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. ఈలోగా తిరుమలరావు వైశాలి నగర్‌లో జాగా కొని, ఆఫీసు అప్పుతో ఇల్లు మొదలెట్టాడు. ఇల్లు కట్టిచూడు అన్నారు కదా, చూశాడు. ముందుగది, వంటిల్లూ లేచి నిలబడేసరికి చేతులు ఖాళీ. వెనకగదికి గోడలు లేచి, కప్పు పడక ఆగిపోయింది. ఆ గది అప్పలసూరిది. గడప ఎత్తు లేకుండా, పట్టుకుని నడవడానికి గోడ పొడుగునా ఇనప కమ్మీతో, తిరుమలరావు ముచ్చటపడి గీయించిన గది. ఈ మార్చికి ఎలాగైనా స్లాబు వేయించాలని ఒట్టుపెట్టుకున్నాడు.

ఆ దసరాకి అప్పలసూరికి పని దొరికింది. ఎవరూ ఇప్పించలేదు, తనే వెతుక్కున్నాడు. హథ్‌ఖోజ్‌లో ఓ సర్దార్జీ చిన్న వర్క్‌షాపు. నట్ల లోపల మర కోసే పని. కూచుని చేసేదే, కాలుతో పనిలేదు. ఒంటికాలితో సైకిలు తొక్కుకుంటూ పోయేవాడు. ఎండుకాలు పెడలు పక్కన వేలాడుతుంటే, మంచి కాలు కిందికి తొక్కి, మడమతో మళ్ళీ పైకి లాక్కునేది. శనివారం శనివారం కూలి. పెద్ద మొత్తమేం కాదు, కూరలకీ సబ్బులకీ సరిపోయేంత.

మొదటి శనివారం సుపేలా సంతలో ఆగి, గోబీపువ్వూ బఠానీలూ, అరకిలో మాంసమూ కొనుక్కొచ్చాడు. గోళ్ళలో నల్లటి గ్రీజు. కాళ్ళు కడుక్కోకుండానే సంచి తెచ్చి వదిన ముందు పెట్టాడు. చిన్నమ్మలు వండి వడ్డించింది. తిన్నాడు. తినేసి, కంచం కొంచెం ముందుకి జరిపాడు.

"ఈ కూర నాది కదా. ఇంకొంచెం ఎయ్యి వదినా."

చిన్నమ్మలు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. చంకనేసుకు తెచ్చిన పిల్లాడు ఇన్నేళ్ళకి మొదటిసారి మారు అడిగాడు. వేసింది, మళ్ళీ వేసింది, వంటింట్లోకెళ్ళి కొంగుతో ముఖం తుడుచుకుంది. తిరుమలరావు కూడా కంచంలోకి తల వంచేసి తిన్నాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో శనివారం కూర అప్పలసూరిది. వారమంతా వదిన ఏం వండినా సరే, శనివారం మాత్రం ఏం వండాలో వాడే చెప్పేవాడు. ఉప్పు తక్కువైందని పేచీ కూడా పెట్టేవాడు. పేచీ పెట్టడం చూసి ఆవిడ మురిసిపోయేది.

ఫిబ్రవరి వచ్చింది. తిరుమలరావు గోపాలం వరండాకి వెళ్ళి, తమ్ముడు పనిలో చేరాడు, దీనికేమైనా చెప్పాలా అని అడిగాడు. గోపాలం పెన్ను కింద పెట్టేశాడు.

"ఒక్క రూపాయి కమాయించినా డబుల్ డి ఎగిరిపోద్ది. నోరు మూసుకుని ఏటా సెప్పినట్టే సెప్పు. హథ్‌ఖోజ్‌లో రికార్డులేటి, ఎవడు సూడొచ్చేడు?"

తిరుమలరావు ఇంటికొచ్చి మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. ఇంటి అప్పు వాయిదా పోను, ఈ పన్ను కూడా కోస్తే మార్చి జీతంలో స్లాబుకేం మిగలదు. స్లాబు ఎవరికోసం? వాడికోసమే కదా. వాడికోసం ఆడే అబద్ధం అబద్ధమెలా అవుతుంది? ఇలా తనకి తానే వకాల్తా పుచ్చుకుని, తనకి తానే తీర్పు ఇచ్చుకున్నాడు. తమ్ముడితో మాత్రం ఒక్కముక్క అనలేదు. అనుంటే బావుండేది. కూచోబెట్టి, ఒరే, ఇదిరా సంగతి అనుంటే, వాడే నవ్వేసి సరేననేవాడేమో.

పే సెక్షనుకి వెళ్ళే రోజున అప్పలసూరి తన కూలితో కొనుక్కున్న నీలంగళ్ళ చొక్కా వేసుకుని తయారయ్యాడు. తిరుమలరావు చూసి, అది తీసేసి ఆ పాతది వేసుకో అన్నాడు. ఎందుకని అడగలేదు వాడు. వేసుకొచ్చాడు. చిన్నమ్మలు గుమ్మంలోంచి మొగుడి ముఖంలోకి చూసింది. ఆయన స్కూటరు కిక్కు కొట్టడంలో పడిపోయాడు.

కిటికీ దగ్గర లైను పెద్దదే. మిల్లువాళ్ళు ఎప్పట్లాగే డబుల్ డీ వచ్చాడని పలకరించారు. వంతు వచ్చింది. దేవాంగన్ బాబు కాగితం చూశాడు, అప్పలసూరిని చూశాడు. మర్యాదగల మనిషి, నమస్తే కూడా చెప్పాడు. తర్వాత తిరుమలరావు వైపు తిరిగి ఏటా అడిగేదే అడిగాడు. ఈయన ఏమైనా సంపాదిస్తున్నాడా అని.

లేదు సాబ్, అంటే సరిపోయేది. అక్కడితో ఆగినా ఆ ఇంట్లో దీపం ఆరేది కాదు. కానీ అబద్ధమాడేవాడికి ఒక్కమాట చాలదు, నమ్మించడానికి రెండోది కావాలి. పైగా వెనక లైనులో నలుగురూ వింటున్నారు. తిరుమలరావు నవ్వు తెచ్చుకున్నాడు.

"క్యా కమాయేగా సాబ్? ఖాతా హై, సోతా హై. బస్."

వీడేం సంపాదిస్తాడు, తింటాడు, పడుకుంటాడు, అంతే. లైను గొల్లుమంది. వాళ్ళలో కుళ్ళూ కుత్సితం లేవు, ఊసుపోక నవ్వారు. దేవాంగన్ బాబు ముద్ర కొట్టేశాడు. తిరుమలరావు అప్పుడు పక్కకి తిరిగి చూశాడు. అప్పలసూరి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి ఆ బాబుకి తన గోళ్ళలోని గ్రీజు కనబడకుండా దాచుకున్నాడు. అన్నని కాపాడుతున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు కూడా. తిరుమలరావు కాగితం అందుకుని, తల వంచుకుని లైను పక్కనుంచి బయటికి నడిచాడు.

మర్నాడు అప్పలసూరి సైకిలు తియ్యలేదు. కాలు లాగుతోందన్నాడు. ఆ మర్నాడూ అంతే. శనివారం సంతకెళ్ళలేదు. రాత్రి అన్నాలకి కూచున్నప్పుడు చిన్నమ్మలు వంకాయకూర వేసి, రెండోసారి గరిటె పట్టుకొచ్చింది. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు వదినా."

ఆవిడ గరిటె గిన్నెలో పడేసింది. ఏమైందని ఇద్దర్నీ అడిగింది. ఇద్దరూ చెప్పలేదు. తర్వాత లైనులో నిలబడ్డవాళ్ళ ఇళ్ళలోంచి ఆ మాట బజారంతా తిరిగి, కుళాయి దగ్గర ఆవిడ చెవిన పడింది. బిందె అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. అరవలేదు. అరిచినా బావుండేది.

"కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆడికి కాలు జారితే ఇన్నేళ్ళూ నాను పట్టుకున్నాను. నువ్వు నోరు జారేవు. ఇప్పుడెవరు పడతారు సెప్పు?"

ఇక్కడ ఒక నిజం చెప్పాలి, చెప్పకపోతే తిరుమలరావు మంచివాడనుకుంటారు. ఆ రోజే వెళ్ళి తమ్ముడి చెయ్యి పట్టుకుని పనికి పంపించి ఉండొచ్చు. పంపలేదు. మార్చి జీతం వచ్చేదాకా ఆగాడు. దేవాంగన్ బాబు మళ్ళీ పిలిస్తే? ఎవరైనా చూసి చెప్తే? ఇంకొన్నాళ్ళేగా, స్లాబు పడిపోనీ, తర్వాత అంతా సర్దుకుంటుందనుకున్నాడు. స్లాబు పడింది. అప్పలసూరి కర్ర ఆనించుకుని నిలబడి, పైపుతో దానికి నీళ్ళు పట్టాడు.

అప్పుడు వెళ్ళాడు తిరుమలరావు హథ్‌ఖోజ్‌కి. సర్దార్జీ కుర్చీ వేసి కూచోబెట్టి, లస్సీ ఇప్పించాడు. మీవాడిలాంటి చెయ్యి దొరకదన్నాడు. మానేస్తానని చెప్పడానికి వాడు స్వయంగా వచ్చాడట. ఎందుకు మానేస్తున్నావంటే, నేను పనిచేస్తే ఆఫీసులో మా అన్నయ్య చెప్పిన మాట అబద్ధమైపోతుంది అన్నాడట. సర్దార్జీకి అర్థం కాలేదు. నెల్లాళ్ళు ఆ స్టూలు అలాగే ఖాళీగా ఉంచాడట. ఆర్డర్లు ఆగిపోతుంటే ఏం చేస్తాడు, వేరేవాణ్ణి పెట్టుకున్నాడు. ఆ వేరేవాడు అక్కడే కూచుని మర కోస్తున్నాడు. తిరుమలరావు లస్సీ తాగలేకపోయాడు.

అక్కణ్ణుంచి తిన్నగా పే సెక్షనుకి వెళ్ళాడు. మధ్యాహ్నం, లైను లేదు. కిటికీకి తల ఆనించి దేవాంగన్ బాబుతో ఉన్నదంతా చెప్పేశాడు. నేను అబద్ధమాడాను, నా తమ్ముడు సంపాదించాడు, ఆ డబుల్ డి కొట్టేసి పన్ను కోసేసుకోండి అన్నాడు. అతనికి వారానికి ఎంత కూలి ఇచ్చేవారని దేవాంగన్ బాబు అడిగాడు. చెబితే, తల పట్టుకున్నాడు. ఆధారపడటమంటే చేతిలో పైసా ఉండకూడదని చట్టంలో ఎక్కడుంది? ఆ మనిషి తిండీ బట్టా మందూ ముఖ్యంగా ఎవరి మీద నడుస్తున్నాయన్నదే చూస్తారు. కూరలకి సరిపోయే కూలి తెచ్చుకుంటే ఆధారం పోతుందా? నేను ఏటా అడిగేది అందుకే కదా, ఎంతో కొంత అని చెబితే రాసుకుని సంతకం పెట్టేవాణ్ణి, అన్నాడు.

"ఏక్ బార్ పూఛ్ లేతే, రావ్ జీ."

ఒక్కసారి అడిగి ఉండాల్సింది. అంతే అన్నాడు ఆయన. అబద్ధం అక్కర్లేదు. పాత చొక్కా అక్కర్లేదు. ఏ మాటకీ అవసరం లేదు. తమ్ముడూ, తమ్ముడి కూలీ, గది, స్లాబు, అన్నీ ఒకే ఇంట్లో ఉండగలిగేవి. తిరుమలరావు ఆఫీసు బయట గుల్‌మొహర్ చెట్టుకింద స్కూటరుకి స్టాండు వేసి, దాని సీటు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు ఎవరో పోయారనుకుని పక్కనుంచి తప్పుకు వెళ్ళారు.

ఇంటికొచ్చి తమ్ముడి మంచం పక్కన కింద కూచున్నాడు. దేవాంగన్ బాబు అన్నదంతా చెప్పాడు. తప్పు నాదిరా, వేరే వర్క్‌షాపు చూద్దాం, నేనే రోజూ దింపుతాను అన్నాడు. అప్పలసూరి ఓపిగ్గా విన్నాడు. కోపం లేదు వాడి ముఖంలో. ఉన్నా తట్టుకోగలిగేవాడు తిరుమలరావు.

"వద్దన్నియ్యా. మళ్ళీ ఫిబ్రవరి వస్తాది కదా."

పన్ను గురించి కాదు వాడన్నది. ఏ పని చేసినా, ఎంత సంపాదించినా, ఆ లైనులో మళ్ళీ నిలబడాలి. అన్న కడుపులో తన గురించి ఏ మాట ఉందో తనకి తెలిసిపోయింది. ఆ మాట వాడికి కొత్తది కూడా కాదు. పసితనం నుంచీ వాడు చెయ్యి అడ్డం పెట్టింది ఆ మాటకే. నాలుగు నెలలపాటు అది నిజం కాదనుకున్నాడు, కూర తెచ్చాడు, మారు అడిగాడు. అన్నే చెప్పాడు నిజమేనని.

వెనకగది పూర్తయింది. సున్నం వేశారు, ఇనప కమ్మీకి పచ్చరంగు వేశారు. అప్పలసూరి అందులోకి మారాడు. గదిలోంచి పెద్దగా బయటికి రాడు. చిన్నమ్మలు శనివారం శనివారం తనే సంతకెళ్ళి గోబీపువ్వు తెచ్చి వండుతుంది. ఇది నీ కూరేరా అని వడ్డిస్తుంది. వాడు తింటాడు, బావుందంటాడు, రెండో గరిటెకి చెయ్యి అడ్డం పెడతాడు. సైకిలుకి గాలి పోయింది. ఎవరూ కొట్టించలేదు.

ఏడాది తిరిగింది. ఈసారి డబుల్ డి రాయనని తిరుమలరావు భీష్మించుకున్నాడు. అప్పలసూరే ఊరుకోలేదు. ఎందుకు పోగొట్టుకుంటావు, ఇప్పుడు తప్పేం లేదు కదా అన్నాడు. తనే పాత చొక్కా వేసుకుని స్కూటరు దగ్గర నిలబడ్డాడు. వాడు ఏడాదిలో అడిగింది అదొక్కటే, కాదనలేకపోయాడు.

లైనులో ఈసారి ఎవరూ డబుల్ డీ అని పిలవలేదు. ఆ మాటతో వాడు పని మానేసిన సంగతి అందరికీ తెలుసు. లైనులో ముందు నిలబడి ఉన్న గోపాలం వెనక్కి తిరిగి చూడలేదు. దేవాంగన్ బాబు కాగితం ముందు పెట్టుకుని, అడగడానికి ఇబ్బందిపడ్డాడు. అడగకుండా సంతకం పెట్టలేని మనిషి. చివరికి మెల్లగా అడిగాడు, ఈయన ఏమైనా సంపాదిస్తున్నాడా అని.

ఆడాల్సిన అబద్ధం ఏమీ లేదు. లేదు అంటే చాలు, నూటికి నూరుపాళ్ళూ నిజం. తిరుమలరావు నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు, రాలేదు. అన్న అవస్థ చూడలేక అప్పలసూరి కర్ర మీద ఒరిగి, కిటికీ దగ్గరికి వంగాడు. శుభ్రంగా ఉన్న చేతులు రెండూ కిటికీ చెక్క మీద పెట్టాడు. అన్నకి సాయం చేస్తున్నట్టు, ఎప్పటి నవ్వుముఖంతోనే చెప్పాడు.

"నహీఁ సాబ్. ఖాతా హూఁ, సోతా హూఁ. బస్."

ఎవరూ నవ్వలేదు. దేవాంగన్ బాబు తల ఎత్తకుండా ముద్ర కొట్టి, కాగితం ఇచ్చాడు. అది అప్పలసూరే అందుకుని, జాగ్రత్తగా మడిచి, అన్న జేబులో పెట్టాడు.